చదివినవాళ్ల చెప్పులు

తార్నాకలో రాజేశ్వరి ఇంటి పై గదిలో అద్దెకుంటున్న పూర్ణిమ పొద్దున్నే చేసే మొదటి పని, మెట్ల మీది చెప్పులు జరిపి దారి చేసుకోవడం. ఆమె ఫోనులో ఎవరితోనైనా వాదానికి దిగితే చాలు, ఆ వాదం చదివినవాళ్ల చెప్పులు తెల్లారేసరికి మెట్ల మీదికొచ్చి చేరేవి. మనుషులు రారు, చెప్పులే. వాదన ఆగితే ఎవరివి వాళ్లకు వెళ్లిపోయేవి.

బట్టలారేయడానికి పైకొచ్చిన రాజేశ్వరి విసుక్కుంది. "మళ్లా మొదలుపెట్టినావా పాపా? కాలు పెట్టేదానికి సందు ల్యాదు."

మొదలుపెట్టింది కొండలరావు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ మానేసి తన ఆకుల కషాయం తాగమని, చిన్నపిల్లలకైనా అదే చాలని రాసే పెద్దమనిషి. యూనివర్సిటీలో ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తున్న పూర్ణిమకు కడుపు మండిపోయింది. సూది ఆపితే పిల్లల ప్రాణం పోతుందని రాసింది, రుజువులు పెట్టింది, ఎకసెక్కాలూ ఆడింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడు వారాలైనా ఆయన నల్ల బూట్లు పై మెట్టు మీద నుంచి అంగుళం కదల్లేదు.

ఆమె గైడ్ పద్మశ్రీ మేడం క్యాంటీన్‌లో టీ తాగుతూ మందలించింది. "ఆయన మారడమ్మా. సోమవారం నీ సెమినార్. చెవిటివాడి ముందు శంఖం ఎందుకు ఊదుతావు?"

నిజమే అనిపించింది. ఆ సాయంత్రం నుంచి పూర్ణిమ ఒక్క ముక్క రాయలేదు. రోజుకిన్ని జతలు తగ్గిపోయాయి. సోమవారం ఆమె సెమినార్‌కు బయలుదేరేసరికి రెండే మిగిలాయి. ఒకటి ఆ బూట్లు. రెండోది అట్టడుగు మెట్టు మీద, తెగిన చోట పిన్నీసు గుచ్చిన రబ్బరు చెప్పులు. అన్నాళ్లూ గుమ్మం వైపున్న ఆ చెప్పులు ఇప్పుడు వీధి వైపు తిరిగి ఉన్నాయి.

ఎవరో ఎటూ తేల్చుకోలేక ఇన్నాళ్లూ ఆగి, ఇప్పుడు ఆయన మాట నమ్మి వెళ్లిపోబోతున్నారు. పై మెట్టుతో వాదిస్తూ ఇన్నాళ్లూ కింది మెట్టు వైపు చూడనే లేదు. అక్కడే కూలబడి రాసింది. ఈసారి కొండలరావు పేరెత్తలేదు.

"పిల్లలకు సూది ఆపకండి. ఆపి ఉంటే ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోండి. అనుమానముంటే మా ఇంటికి రండి."

కింద ఇంటి చిరునామా పెట్టింది.

ఎవరైనా వస్తారేమోనని అక్కడే కూర్చుంది. సెమినార్ వేళ దాటిపోయింది. పన్నెండింటికి ఉత్త కాళ్లతో ఒకామె వచ్చింది.

"లాలాగూడ నుంచి వస్తున్న మేడం. నా పేరు భూదేవి. మా మనీషాకు పదకొండేండ్లు. ఇయ్యాల్టి సంది సూది బంద్ చేద్దామని కషాయం గిలాసల పోసిన. గప్పుడే మీ మాట వచ్చింది. కషాయం పారబోసి సూది ఇచ్చిన."

పూర్ణిమ ఆ పిన్నీసు చెప్పులు ఆమె ముందుకు జరిపింది. "ఇన్ని రోజులు చదివినవ్ గదక్కా. ఒక్క మాట అడగకపోతివి?"

"రాసుడు రాదు మేడం. సదువుడే." భూదేవి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. "మీరు చప్పుడు చేయకపోయేసరికి ఆయనదే నిజమనుకున్న. వస్తా మేడం, పిల్ల అన్నం తినే యాళ్ల అయితున్నది, మళ్ల సూది ఇయ్యాలె."