నవత పేరు మీద సూది

స్వైన్ ఫ్లూ నగరాన్ని హడలెత్తించిన మరుసటి ఏడు, వానలు మొదలైన కొత్తలో, జూబ్లీహిల్స్‌లో నవత పనిచేసే ఆస్పత్రి నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. వార్డుల్లో తిరిగే నర్సులు, ఆయాలు, స్ట్రెచర్లు తోసేవాళ్లు అందరూ ఫ్లూ టీకా వేయించుకుని తీరాలి. వేయించుకోనివాళ్లకు నెలాఖరు తర్వాత వార్డు డ్యూటీ ఉండదు. డ్యూటీ లేకపోతే జీతమూ ఉండదని అందులో ఎవరూ రాయలేదు. రాయనక్కర్లేదు కూడా.

బోర్డు పక్కనే అంగీకార పత్రాలు పెట్టారు. నవత ఒకటి తీసి చదివింది. ‘ఈ టీకాను నా ఇష్టపూర్వకంగా తీసుకుంటున్నాను’ అని ఉంది. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది. తప్పదని బోర్డు మీద చెప్పి, నా ఇష్టమేనని కాగితం మీద రాయించుకోవడమేమిటి?

ఆ మాట ఆమెకు కొత్త కాదు. బోరబండలో ఉండే ఆమె మేనమామ లక్ష్మయ్య సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. పని దొరకని రోజుల్లో ఎవరో చెప్తే, ఒక మందుల కంపెనీ వాళ్లు కొత్త మాత్రలు పరీక్షించే చోటికి వెళ్లాడు. తిరిగొచ్చాక ఒళ్లంతా దద్దుర్లు, కాళ్లకు నీరు. నవత ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి నిలదీస్తే, ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనిషి గొంతు కూడా పెంచకుండా ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. మామ వేలిముద్ర పైన ఇదే మాట ఉంది. లక్ష్మయ్య ఆ తర్వాత మళ్లీ నిచ్చెన ఎక్కలేకపోయాడు.

అప్పటినుంచి నవతకు ఏదీ ఊరికే నమ్మబుద్ధి కాదు. వార్డు డాక్టరు కౌస్తుభ్‌ను అడిగి చూసింది.

“మీరు ఏసుకున్నరా సార్?”

“ముందు మీరంతా కానివ్వండి సిస్టర్. మేమెక్కడికి పోతాం?” అని నవ్వాడాయన.

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఆయనే కాదు, పెద్ద డాక్టర్లెవరూ టీకాలు వేసే హాలువైపు వెళ్లినట్టు కనబడలేదు. మరోపక్క మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు నవత ఆస్పత్రి వాళ్లనే పిలిపించుకుని ఉద్యోగులకు టీకాలు వేయిస్తున్నాయి. అక్కడికి వెళ్లొచ్చిన నర్సు ఒకామె, “మెడల ట్యాగులేసుకొని లైన్ల నిలబడ్డరు, ఒక్కరు గూడ మారుమాట్లాడలే” అని చెప్పింది. అంత చదువుకున్నవాళ్లు వేయించుకుంటుంటే నాకెందుకీ బెదురు అని నవతకు ఒకపూట అనిపించింది. మరుపూటకే ఇంకో సందేహం పుట్టింది. వాళ్లకు వేసేదీ తమకు వేసేదీ ఒకటేనని ఎవరు చూశారు?

నవత యూసుఫ్‌గూడలో అనసూయమ్మ ఇంటి మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. పక్క గదిలో సుబ్బులు ఉంటుంది. తణుకు వైపు నుంచి సినిమాల కోసం వచ్చిన పిల్ల. జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లలో పేరంటాలు, కాలేజీ సీన్లలో స్టూడెంటు, అన్నిటికంటే ఎక్కువగా ఆస్పత్రి సీన్లలో నర్సు. తెరమీద ఆమెకు ఇంతవరకూ మాట దొరకలేదు గానీ, ఇంట్లో మాత్రం నోరు మూతపడదు.

ఆ సాయంత్రం ఆరిన బట్టలు తీస్తూ నవత టీకా సంగతి చెప్పింది. అసలు అనుమానం చెప్పలేదు. సూదంటే భయమని చెప్పింది.

“నర్సువై ఉండి సూదంటే భయమేంటక్కా!” సుబ్బులు పకపకా నవ్వింది.

“వేరేటోళ్లకు ఏసుడు వేరు, మనం ఏసుకునుడు వేరు.”

“అయితే అది నాకిప్పించెయ్యి.” సుబ్బులు నవ్వు ఆపేసింది. “నిజంగానే చెప్తున్నా. మొన్నొక షూటింగులో మా పిల్ల ఒకత్తి దగ్గితే, ఏజెంటు అక్కడికక్కడే ఆటో ఎక్కించి పంపేశాడు. మళ్లీ పిలిస్తే ఒట్టు. బయట వేయించుకోవాలంటే నా వల్ల అయ్యే పనేనా? నీ బదులు నేనెళ్తానక్కా. మీ ఆస్పత్రిలో అందరూ మూతికి మాస్కులేసుకునే ఉంటారు కదా. నర్సు వేషం నాకేమన్నా కొత్తా?”

వద్దనే మాట నవత నోటిదాకా వచ్చింది. కానీ “ఆలోచిస్త” అంది. తెల్లారేసరికి ఆలోచన అయిపోయింది.

తనకు సెలవున్న రోజు చూసుకుని, ఇస్త్రీ చేసిన యూనిఫాం, ఐడీ కార్డు, మాస్కు సుబ్బులుకు ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే ఎత్తు. కార్డు మీది ఫొటో ఎప్పుడో వెలిసిపోయింది. “ఏం మాట్లాడకు. అడిగినదానికి తలూపు, చాలు” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. సంతకం ఎలా పెట్టాలో నేర్పింది. తాను ఆస్పత్రి సెల్లార్‌లో, ఆగి ఉన్న అంబులెన్సు చాటున నిలబడింది. పైనుంచి ఎవరు దిగినా ఇంకాస్త వెనక్కి నక్కింది. వాచ్‌మన్ రెండుసార్లు ఇటే చూసినట్టు అనిపించింది. ఎవరికో ఏదో తెలిసిపోయి తననే వెతుక్కుంటూ వస్తున్నారనుకుంది.

సుబ్బులు మాత్రం పెళ్లికి వెళ్లొచ్చినట్టు వచ్చింది. “చీమ కుట్టినట్టు కూడా లేదక్కా! టేబుల్ దగ్గర కళ్లద్దాల మేడం కూర్చునుంది. నీకు కోడిగుడ్డు పడుతుందా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది.”

“గా మందు తయారీల కోడిగుడ్లు వాడుతరు. అందుకే అడుగుతరు. తలూపినవా?”

“ఆ... ఊపాను” అంది సుబ్బులు, కాస్త ఆగి.

ఆ ఆగడం నవత చెవిన పడింది. కానీ అంతకుమించి అడగలేదు. ఆమె మనసంతా సుబ్బులు చేతి మీద ఉంది.

సాయంత్రానికి సుబ్బులుకు ఒళ్లు వెచ్చబడింది. చీకటి పడే వేళకు జ్వరం పట్టుకుంది. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చని నవతకు తెలుసు. అలా వచ్చినవాళ్లకు తనే ధైర్యం చెప్పిన సందర్భాలున్నాయి. అయినా ఆ పూట ఆ తెలిసిన సంగతేదీ పనికి రాలేదు. సుబ్బులు మంచం పక్కన కూర్చుని అదేపనిగా థర్మామీటరు పెట్టి చూసింది.

“ఊపిరి మంచిగ ఆడుతున్నదా? దద్దుర్లేమన్న లేస్తున్నయా? కాళ్లు సూపెట్టు.”

“జ్వరానికి కాళ్లెందుకక్కా?”

నవత దుప్పటి తొలగించి, సుబ్బులు చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్న క్షణంలోనే తను ఏం చేస్తోందో ఆమెకు అర్థమైంది. లక్ష్మయ్య మామ కాళ్లు కూడా ఇలాగే నొక్కి చూసింది. అప్పుడు ఏసీ గదిలో మనిషిని తిట్టుకుంటూ నొక్కింది. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఈ పిల్లకు ఏమీ కాకపోతే అప్పుడు నేనూ వేయించుకోవచ్చు అన్న ఆలోచన మొదటినుంచీ తన మనసులో ఓ మూల కూర్చునే ఉందని ఆమెకు తెలిసింది. దుప్పటి కప్పేసి, “పండుకో” అని చెప్పి తన గదికి వచ్చేసింది. నిద్ర పట్టలేదు.

పొద్దున్నే జ్వరం తగ్గినట్టనిపించి సుబ్బులు మాత్ర వేసుకుని ఫిల్మ్‌నగర్‌లో ఓ బంగళాలో జరుగుతున్న షూటింగుకు వెళ్లింది. గేటు దగ్గరే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెనక్కి పంపేశారు. ఆమె తిరిగొచ్చి మేడెక్కేలోపే ఆ కబురు ఇంటికి చేరింది. నవత డ్యూటీకి దిగేసరికి మెట్ల దగ్గర అనసూయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“నర్సమ్మా, గా పిల్లకు స్వైన్ ఫ్లూనట గదా? మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు. నీ దవఖానల చేర్పియ్యి, లేకుంటే రూం ఖాళీ చెయ్యమని చెప్పు.”

“సాదా జ్వరమే అమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి.”

“సాదా జ్వరమని నీకెట్ల ఎరుక? పరీక్ష చేయించినవా?”

టీకా వల్ల వచ్చిన జ్వరమన్న ఒక్క మాటతో అనసూయమ్మ భయం పోగొట్టవచ్చు. ఆ మాట చెప్తే వీధి వీధంతా తెలుస్తుంది. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు ఆ వీధిలోనే నలుగురున్నారు. “పొద్దుమీకి వచ్చినంక మాట్లాడుదం” అని చెప్పి నవత బయటపడింది. పై మెట్టు మీద సుబ్బులు అంతా వింటూ నిలబడి ఉందని తెలిసినా తలెత్తి చూడలేదు.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మేట్రన్ రమ్మంటోందని కబురు. మేట్రన్ బాలాత్రిపురసుందరి కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, తలుపు వేసి రమ్మంది.

“కోడిగుడ్డు పడుతుందా నీకు?”

“పడ్తది మేడం.”

“నిన్న ఏమన్నావో తెలుసా? రద్దీలో పట్టించుకోలేదు గానీ, ఇంటికెళ్లాక తట్టింది. ‘శుభ్రంగా పడుతుందండీ’ అన్నావు. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో నవతా. ఇన్నేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్నావు. ఒక్కనాడైనా నన్ను అండీ అన్నావా?”

నవత తల దించుకుంది.  జరిగిందంతా చెప్పింది, లక్ష్మయ్య మామ సంగతితో సహా. మేట్రన్ మధ్యలో అడ్డు రాలేదు.

“ఆ పిల్ల అక్కడే కుప్పకూలిపోయి ఉంటే ఎవరి పేరు మీద అడ్మిట్ చేసేదాన్ని? నీ పేరు మీదేగా! నీ ఫైలు చూసి, నీ బ్లడ్ గ్రూపు చూసి ఆవిడకి వైద్యం చేసేవాళ్లం. అది ఆలోచించావా?”

నవత ఆలోచించలేదు. అన్నీ అనుమానించిన మనిషికి ఆ సంగతి మాత్రం తట్టలేదు.

“మీరు ఏసుకున్నరా మేడం?” నవత అడిగింది.

“మొదటి రోజే. నమ్మకం కుదిరి కాదు.” మేట్రన్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. “పోయినేడు వార్డు తుడిచే బాలమణి జ్వరం దాచుకుని డ్యూటీకి వచ్చేది. సెలవు పెడితే పని పోతుందని. ఆమె బతికి బయటపడింది. ఆమె తుడిచిన వార్డులో ఓ పెద్దాయన బతకలేదు. ఆమె వల్లేనని నేను రుజువు చేయలేను. కాదనీ చెప్పలేను. నీ అనుమానం నీకుంది, నేను తప్పు పట్టను. మరి మంచం మీద ఉన్నవాళ్ల ఇష్టం ఎవరడిగారు?”

 నవత కిటికీ వైపు చూస్తూ, “ఏసుకుంట మేడం. కానీ ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట కొట్టేస్త. ఉద్యోగం కోసం ఏసుకుంటున్న అని రాస్త” అంది.

“రాసుకో. పైవాళ్లడిగితే నేను చెప్పుకుంటాను.”

సీసా మీద ఏముందో మొత్తం చదివాకే నవత చెయ్యి చాచింది. మాదాపూర్ కంపెనీలకు పంపే పెట్టెలు కూడా అదే ఫ్రిజ్‌లో ఉన్నాయి. తీయించి చూసింది. అదే సీసా, అదే కంపెనీ. మేట్రన్ తన చేతులతోనే సూది వేసింది. మెమో కూడా తన చేతులతోనే ఇచ్చింది. వార్డు నుంచి తీసేసి ఓపీలో చీటీలు పిలిచే పనికి మార్చింది. నవత తలుపు దాకా వెళ్లాక వెనక్కి పిలిచింది.

“ఆ పిల్లకి జ్వరం తగ్గకపోతే ఇక్కడికి తీసుకురా. తన పేరు మీద.”

సాయంత్రం అనసూయమ్మ మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. సుబ్బులు బట్టల సంచి సర్దుకుని పై మెట్టు మీద కూర్చుంది. నవత ఇద్దరికీ వినబడేలా ఉన్నదున్నట్టు చెప్పింది. చేతి మీద అంటించిన దూది చూపించింది. “గది సూది జ్వరమే అమ్మా. రేపో ఎల్లుండో తగ్గుతది. నమ్మకం లేకుంటే నేను గూడ గామె రూంలనే పండుకుంట.”

అనసూయమ్మ పూర్తిగా నమ్మలేదు. “ఎల్లుండి దాక చూస్త” అని కొంగు ముక్కు మీదనుంచి తీయకుండానే లోపలికి వెళ్లిపోయింది.

“సూదంటే భయమన్నావు కదక్కా” అంది సుబ్బులు.

“అబద్ధం చెప్పిన. గా మందు మీద నాకు అనుమానముండె.”

సుబ్బులు సంచి తాడు చుట్టింది, విప్పింది. ఎప్పుడూ మాటలు వెతుక్కోని పిల్ల అప్పుడు వెతుక్కుంది.

“నేనే అడిగాను, కాదనను. కానీ నాకు తెలిసి అడగలేదుగా. అనుమానం ఉన్నదాన్ని నాకెలా వేయించావక్కా?”

నవత ఇంకో మెట్టు ఎక్కింది. పక్కన కూర్చోబోతే సుబ్బులు జరిగి చోటివ్వలేదు. అలాగని లేచి వెళ్లిపోనూ లేదు.

చెప్పినట్టే జ్వరం తగ్గింది. నవతకు చెయ్యి నొప్పి తప్ప ఏమీ కాలేదు. కొన్నాళ్లు ఆలస్యంగానైనా ఏజెంటు సుబ్బుల్ని మళ్లీ పిలిచాడు. నెలాఖరులోపు డాక్టర్ కౌస్తుభ్ కూడా చొక్కా చెయ్యి మడిచాడు. మేట్రన్ ఆయన్ని లిఫ్టు దగ్గర పట్టుకుందని ఆయాలు చెప్పుకుని నవ్వుకున్నారు. బతుకమ్మ రోజులు వచ్చేసరికి నవత తిరిగి వార్డులో ఉంది. సుబ్బులు మాటలు, నవ్వులు ఎప్పటిలాగే గోడ దాటి వినబడుతున్నాయి. కూరలు ఇచ్చిపుచ్చుకోవడం సాగుతోంది. ఏమీ మారలేదనే నవత అనుకుంది.

ఒకరోజు సుబ్బులు తలనొప్పి అంటే నవత తన డబ్బాలోంచి మాత్ర తీసి ఇచ్చింది. “థాంక్సక్కా” అని తీసుకుని సుబ్బులు కిందికి దిగింది. పాల ప్యాకెట్ కోసమేమో అనుకుని నవత పిట్టగోడ దగ్గరికి వచ్చి చూసింది. వీధి మలుపులో మెడికల్ షాపు ముందు సుబ్బులు నిలబడి, అరచేతిలో మాత్ర పెట్టి షాపతనికి చూపిస్తోంది. అతను అటూ ఇటూ తిప్పి చూసి తలూపాడు. అప్పుడు మాత్ర నోట్లో వేసుకుంది.

ఆమె తలెత్తి చూడకముందే నవత పిట్టగోడ దగ్గరనుంచి వెనక్కి జరిగింది.