ఆకు కొసన ఉప్పు

ఎండలు ముదిరితే సముద్రపు ఉప్పునీరు మెకాంగ్ నది పాయలోకి ఎగదన్నుతుంది. అందుకే కాలువ నీళ్ళు దోసిట పట్టి, పుక్కిలించి, అత్త "మంచినీళ్ళే, వెయ్యవే" అన్నాకే తువెన్ మోటారు వేసేది. చుట్టుపక్కల తోటలవాళ్ళూ ఆ నాలుకనే నమ్మేవారు.

పెరట్లోని పంపరపనస తువెన్ భర్త ఖియెం కట్టిన అంటు. నాటిన మరుసటి ఏడే అతను చేపలవేటకు వెళ్ళి తుఫానులో పోయాడు. శవం దొరకలేదు. సమాధి లేని కొడుక్కి అత్త ఆ చెట్టు మొదట్లోనే అగరొత్తులు గుచ్చుతుంది. ఈ ఏడే తొలి కాపు.

నీళ్ళు పెట్టిన కొద్దిరోజులకే ఆకుల కొసలు మాడడం మొదలైంది. పక్కతోట తూ మామ ఆకు తిప్పి చూశాడు.

"ఉప్పునీళ్ళు తాగింది కదమ్మా! వేరు లాగినదంతా ఆకు కొసదాకా పోతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. ముందు కాయలు కోసెయ్యి, లేకపోతే చెట్టుకు మరీ భారం."

"అత్తయ్య రుచి చూసే వేయమంది మామా."

అనేశాక తువెన్‌కు చేపల పులుసు గుర్తొచ్చింది. అత్తకు జ్వరం తగ్గినప్పటినుంచీ ఆమె వండే పులుసు ఉప్పుకషాయమే. "ఏంటక్కా, చేపను సముద్రంలోనే ఉడికించావా?" అని ఈ మామే వెక్కిరిస్తే, అత్త అందరికన్నా గట్టిగా నవ్వింది.

వెనక్కి తిరిగితే అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"నేల అడుగునుంచి ఉప్పు ఊరినట్టుంది మామా," అంది తువెన్ గబగబా. "అత్తయ్య తప్పేం లేదు."

అత్త కత్తి తెచ్చి పచ్చికాయలన్నీ తనే కోసింది. తాగడానికి దాచిన వాననీళ్ళ కుండలు ఒక్కొక్కటీ మొదట్లో కుమ్మరించింది.

"మనకి తాగడానికో?" అంది తువెన్.

"వాడికి పొయ్యనీవే."

ఆ మంచినీళ్ళు కొమ్మల్లోకి ఎక్కలేదు. ఆకులు రాలాయి. చిటారుకొమ్మ నుంచి కిందికి ఒక్కో రెమ్మా ఎండుతూ వచ్చింది. తువెన్ రోజూ గోటితో బెరడు గీరి చూసేది. పచ్చదనం కిందికి, ఇంకా కిందికి దిగి, ఒకనాడు మొదట్లో కూడా కనిపించలేదు. అత్త మాత్రం అక్కడే అగరొత్తులు గుచ్చుతోంది.

పోటు తీసిన పొద్దున కొబ్బరిమొక్కలకు నీళ్ళు పెట్టాలి. అత్త అలవాటుగా కాలువ మెట్లు దిగి దోసెడు నీళ్ళు తీసింది. నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"వెయ్యనా అత్తయ్యా?"

అత్త తలెత్తలేదు. దోసిలి అలాగే కోడలి వైపు చాచింది.

"నువ్వు చూడవే."

వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తువెన్ వంగి, అత్త చేతులు పట్టుకుని, మిగిలిన గుక్క తాగింది.