చేతులు వెనక్కి కట్టుకునే ఉద్యోగం

నా ఉద్యోగం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. నవ్వులాటకి చెప్పడం లేదు. మానసిక వికలాంగుల హోమ్‌లో ఏళ్ల తరబడి మగ్గినవాళ్లకి మా సంస్థ ఒక గది ఇప్పించి, సొంతంగా బతకడం నేర్పమని నాలాంటి వాళ్లని పంపిస్తుంది. పాలు పొంగిపోతున్నా మేం ముట్టుకోకూడదు. "స్టవ్ ఆపు" అని చెప్పనూ కూడదు. "ఇంకేమైనా మిగిలిందా?" అని మాత్రం అడగాలి. మిగతాది ఆ మనిషికే గుర్తు రావాలి.

అలా ఒకతని గదికి రెండేళ్లు వెళ్లాను. చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలి, అమ్మానాన్నలు పోయాక హోమ్‌లో పడ్డవాడు. నాకంటే బాగా పెద్దవాడని నేను అన్నయ్యా అంటే, అతను నన్ను అక్కా అనేవాడు. ఎవరు పెద్దో తేల్చే పని ఇద్దరం పెట్టుకోలేదు. అతని ప్రాణమంతా మెడలో వేలాడే గది తాళంచెవిలోనే ఉండేది. హోమ్‌లో తలుపులకి లోపల గడియలుండవు. గదికి వచ్చిన కొత్తలో ఊరికే తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి మురిసిపోయేవాడు.

మొదట్లో గుడ్లు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చేవాడు. నా చేతులు ఊరుకునేవి కావు. వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేదాన్ని. అది చూసి అతను పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నేను టీ తాగి కప్పు కడగకుండా లేస్తే, తనూ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడేవాడు.

"ఇంకేమైనా మిగిలిందా అక్కా?"

నోరు మూసుకుని కప్పు కడిగేదాన్ని.

అలా అలా అన్నీ వచ్చేశాయి. మా ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజు అన్నయ్య గుడ్లు ఉడికించాడు, స్టవ్ ఆపాడు, సిలిండర్ కట్టేశాడు, ఆయనకి టీ పెట్టి ఇచ్చాడు. చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది.

"ఇక మీ అక్కతో పనేముంది?" అన్నాడు ఆఫీసరు. "వచ్చే వారం నుంచి రాదు."

అన్నయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఎందుకు రాదు? నేనేం చేశాను?"

"తప్పేం చెయ్యలేదయ్యా. అన్నీ నీకు వచ్చేశాయిగా. ఏదైనా మర్చిపోతే అప్పుడు పంపిస్తాంలే." భుజం తట్టి, టీ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనకి అది ఓదార్పుకి అన్న మాట. అన్నయ్యకి మాటంటే మాటే.

నెల తిరక్కుండానే గది నిండా పొగ అని కబురొచ్చింది. పరుగెత్తాను. పక్కింటివాళ్లు స్టవ్ ఆపి, కిటికీలు తెరిచి, తిట్టుకుంటూ నిలబడ్డారు. గిన్నె మాడి బొగ్గయింది. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి.

"వచ్చావా అక్కా. మర్చిపోయాను," అన్నాడు నన్ను చూడగానే. తర్వాత గొంతు తగ్గించాడు. "నిజంగా కాదులే. గుర్తొచ్చింది. ఆపకుండా కూర్చున్నాను. మర్చిపోతే పంపిస్తామన్నారుగా."

నాకు ఏడుపు ఆగలేదు. తిన్నగా ఆఫీసుకి వెళ్లాను.

"అతనికి చేతకాక కాదు సార్. నేను రావాలని చేశాడు. వారానికోసారి పంపండి చాలు. కాసేపు కబుర్లు చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి, అంతే."

"కబుర్లకి మనిషిని పెట్టే పథకం మన దగ్గర లేదమ్మా," అన్నాడాయన. "మర్చిపోయాడంటే ఏదోలా సర్దేవాణ్ని. కావాలనే చేశాడంటే ఇంకా ప్రమాదం కదా."

నిజం చెప్పి అతని కొంప ముంచాను. ఆ వారమే అన్నయ్యని మళ్లీ హోమ్‌లో చేర్చారు. తాళంచెవి ఆఫీసు సొరుగులో పడేశారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నిన్న అతన్ని చూడటానికి వెళ్లాను. హోమ్‌లో ఉండేవాళ్లు వంటగది గడప దాటకూడదు. అన్నయ్య ఆ గడప బయట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల వంటావిడ పెద్ద గిన్నె దించి, స్టవ్ ఆపకుండానే కూరగాయలు తరగడానికి కూర్చుంది.

"ఇంకేమైనా మిగిలిందా అమ్మా?" అని అన్నయ్య మర్యాదగా అడిగాడు.

"పొద్దస్తమానం ఇదే గోల. పోయి నీ మంచం మీద కూర్చో," అని ఆవిడ కసిరింది.

మంట అలాగే వెలుగుతోంది. నేను నోరు తెరవబోయాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు చెప్పకూడదక్కా. ఆవిడకే గుర్తు రావాలి."