గీతకు అవతల దుకాణం

అందరూ ఆయన్ని మడతలాయన అంటారు. చేతికి ఏది దొరికినా, ఆఖరికి బస్సు టికెట్టయినా సరే, అంచుకు అంచు కలిపి మడత పెట్టందే ఊరుకోడు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఒక పెద్ద కంపెనీ బోర్డు కింద చాలాకాలం దుకాణం నడిపాడు. తాను పడే కష్టం కంటే ఆ బోర్డు తినేదే ఎక్కువని తేలాక, వాళ్ళకో దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. ఇక సొంత పేరుతో మొదలుపెట్టాలి. ఒప్పందంలో ఒక్కటే ముల్లు: పాత దుకాణానికి మూడు కిలోమీటర్ల లోపల రెండేళ్ళపాటు అదే వ్యాపారం చేయకూడదు. పైగా, కంపెనీ నుంచి ఆ పాత దుకాణం తీసుకున్నది స్వయానా ఆయన తోడల్లుడు.

మడతలాయనకు దూరమంటే స్కూటరు మీటరు చెప్పేదే. ఇల్లిల్లూ తిరిగి మూటలు చేర్చిన మనిషికి ఇంకో దూరం ఉంటుందని తట్టదు. పాత గుమ్మం దగ్గర మీటరు చూసుకుని, రైలు కట్ట చుట్టూ తిరిగి, వంతెన కిందుగా పోయి, నాలుగు కిలోమీటర్లు దాటాక కనిపించిన పొడవాటి దుకాణానికి అడ్వాన్సు ఇచ్చేశాడు. దాచుకున్నదంతా అందులోకే పోయింది. ఉతికే యంత్రం కూడా దిగింది.

చూడ్డానికొచ్చిన తోడల్లుడు టీ తాగి, ఫోనులో మ్యాపు తెరిచి వేలితో ఒక గీత గీశాడు.

"అన్నయ్యా, కంపెనీ వాళ్ళు రోడ్డు చూడరు, సూటిగా కొలుస్తారు. నువ్వింకా నా పరిధిలోనే ఉన్నావు."

"నా గిరాకీ రైలు కట్ట మీంచి ఎగిరొస్తుందా తమ్ముడూ?"

"ఎగిరినా ఎగరకపోయినా కొలత కొలతే."

ఆయన ఇంటికెళ్ళి, మడిచిన దుప్పటినే విప్పి మళ్ళీ మడుస్తూ కూర్చున్నాడు. సంగతంతా విన్న భార్య, స్కూటరు నడిపినంత దూరం బుర్ర కూడా నడిపి ఉంటే బాగుండేది కదా అని ఊరుకుంది.

వారం తిరక్కుండానే కంపెనీ ఆఫీసరు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఫోను చూసి, ఇది లోపలే అన్నాడు. కానీ ఆఫీసరు పని కచ్చితంగా చేసే రకం. ఫోను చూసుకుంటూ కౌంటరు దాటాడు, యంత్రం దాటాడు, ఇస్త్రీ బల్ల దగ్గర ఆగి తల గోక్కున్నాడు. మూడు కిలోమీటర్ల గీత దుకాణం మధ్యలోంచి పోతోందట. సుద్దముక్క అడిగి నేల మీద గీశాడు కూడా.

మడతలాయన ఆ గీతను కాసేపు చూశాడు. తర్వాత వెనక గుమ్మం వైపు చూశాడు.

"గీతకి అవతల నేనేం చేసుకున్నా మీకు అభ్యంతరం లేదు కదండీ?"

"అవతల మీ ఇష్టం. ఇవతల మాత్రం ఒక్క చొక్కా కూడా తీసుకోకూడదు."

ఆ ముక్కే రాయించుకుని సంతకం పెట్టించాడు. మర్నాడు యంత్రం, కౌంటరు, బోర్డు అన్నీ వెనక్కి నడిచాయి. ముందు షట్టరు కిందికి దిగింది. వెనక సందులోకి కొత్త అపార్ట్‌మెంట్ల గేట్లు తెరుచుకుంటాయి గనుక గిరాకీకి లోటు రాలేదు. ముందు సగం ఆయన భోజనానికి మిగిలింది. అంత అద్దె కట్టి అన్నం తినే మారాజు ఇంకెవరున్నారని భార్య రోజూ క్యారియరు విప్పుతూ అంటుంది.

ఒక మధ్యాహ్నం తినబోతుంటే షట్టరు చప్పుడైంది. బయట తోడల్లుడు. ఎవరిదో పెళ్ళి కోటు మీద సిరా మరక, తన దగ్గర పోవడం లేదట. కాస్త షట్టరెత్తి అందుకోమన్నాడు.

"ఇక్కడ అందుకుంటే నీకు పోటీ వచ్చినట్టవుతుంది తమ్ముడూ. చుట్టూ తిరిగి రా."

"వీధి చివరిదాకా పోయి రావాలన్నయ్యా!"

"సూటిగా అయితే నాలుగడుగులే."

తోడల్లుడు చెమటలు కక్కుకుంటూ వెనక గుమ్మానికి చేరేసరికి మడతలాయన చేయి కడుక్కుని, గీత దాటి, కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. కోటును వెలుతురులో తిప్పి చూసి, పోతుంది, ఎల్లుండి రమ్మన్నాడు.

"ఎటు నుంచి రమ్మంటావు?"

"స్కూటరు మీద రా," అన్నాడు మడతలాయన రసీదును అంచుకు అంచు కలిపి మడిచి ఇస్తూ. "దూరమెంతో అదే చెబుతుంది."