పొట్టు మార్చని గది

నా ఉద్యోగం ఎలుకలకు కోపం తెప్పించడం. చెబితే నవ్వుతారు గానీ, పంతొమ్మిదేళ్లుగా దానికే జీతం తీసుకుంటున్నాను. పద్ధతి తేలికే. ఒక మగ చిట్టెలుకను చిన్న డబ్బాలో నాలుగు వారాలు ఒంటరిగా ఉంచాలి. చివరి వారం అడుగున పరిచిన రంపపు పొట్టు మార్చకూడదు. తన వాసన తనకే పట్టి, ఆ జానెడు చోటు తన సామ్రాజ్యమని అది నమ్ముతుంది. అప్పుడు ఇంకో ఎలుకను అందులోకి దించి స్టాప్‌వాచ్ నొక్కాలి. మొదటి కాటుకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి.

ఆ ఎలుకల్లో సగానికి ఒక జన్యువు పనిచెయ్యదు. మెదడులో వాడకం అయిపోయిన రసాయనాలను ఊడ్చిపారేసే ఎంజైము ఒకటి ఉంటుందట. జన్యువు చెడితే ఊడ్చే దిక్కుండదు, చెత్త పేరుకుపోతుంది, కోపం ముంచుకొస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మా ల్యాబు నడిపే మేడమ్ ఇలాగే చెబుతారు. మనుషుల్లోనూ కొందరికి ఆ జన్యువు బలహీనంగా ఉంటుందని ఆవిడ అన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఎందుకంటే మా నాన్నను వీధి వీధంతా అగ్గిపుల్ల అనేది. అన్నయ్య ఆయన్ను మించాడు. బండి ఎక్కడ నిలపాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఒకడి తల ఇనుప రాడ్డుతో పగలగొట్టి జైలుకెళ్లాడు. ఇక మిగిలింది నేను. అందరూ నన్ను మెతక మనిషంటారు. ఆ మాట నేనెప్పుడూ నమ్మలేదు. ఇంట్లో నాకు ఎనిమిదేళ్ల కూతురుంది. పొద్దస్తమానం కిచకిచమంటూ ఉంటుందని పిచ్చుక అని పిలుస్తాం. ఏదో ఒక రోజు దాని మీద నా చెయ్యి లేస్తుందన్నదే నా భయం.

జన్యు పరీక్షకని మనుషుల నమూనాలు సేకరించే గొట్టాల్లో నలభై ఒకటో నంబరుది ఖాళీగా మిగిలింది. ఎవరూ చూడకుండా బుగ్గ లోపల దూది పుల్లతో రాసుకుని అందులో పెట్టాను. దొంగ పనే, కాదనను. నెల తర్వాత వచ్చిన కాగితంలో నలభై ఒకటికి ఎదురుగా ‘బలహీనం’ అని ఉంది.

ఆ రోజే ఇంట్లో సామాన్ల గదిలోకి మంచం మార్చుకున్నాను. ఆఫీసు నివేదిక రాయాలని అబద్ధమాడాను. కాగితాలు చెదురుతాయి, ఎవరూ లోపలికి రావద్దు, ఊడ్చవద్దు అన్నాను. భోజనం గడప దగ్గర పెట్టమన్నాను.

“ఏమండీ, తపస్సు ఇంకా ఎన్నాళ్లు? దేవుడు ప్రత్యక్షమైతే నాక్కూడా ఒక వరం అడగండి,” అని మా ఆవిడ తలుపు బయటి నుంచి ఆటపట్టించేది. మూడో వారానికి ఆ మాటలూ ఆగిపోయాయి.

ఆ గదిలో కిటికీకి అడ్డంగా పెట్టెలున్నాయి. దుప్పటి నా వాసనే, దిండు నా వాసనే. గోడ అవతల పిచ్చుక నవ్వితే మొదట్లో ముద్దొచ్చేది. పోనుపోను చిరాకెత్తేది. చూశావా, జన్యువు పని మొదలెట్టింది అనుకుని లోపలి నుంచి గొళ్లెం కూడా వేసుకునేవాణ్ణి.

ఐదో వారంలో, ల్యాబులో డబ్బాల గదిలో సాధువు అనే ఎలుక వంతు వచ్చింది. సాధువని పేరు పెట్టింది నేనే. జన్యువు బాగున్న జట్టులోది. చిన్నప్పుడు నా వేలికి తల ఆనించి నిద్రపోయేది. అలాంటిది, కొత్త ఎలుకను దించగానే నాలుగు సెకన్లలో దాని మెడ కొరికింది.

“మేడమ్, నంబర్లు తారుమారైనట్టున్నాయి. ఇది మంచి జట్టుది,” అన్నాను.

“ఏం తారుమారు కాలేదు. నాలుగు వారాలు ఒంటరిగా పెడితే మంచివాటిలోనూ చాలా వరకు కరుస్తాయి. ఇన్నేళ్లుగా రాస్తున్నది మీరేగా.”

రాస్తున్నది నేనే. రాసింది ఒక్కసారి కూడా చదువుకోలేదు.

“నలభై ఒకటో నంబరు నేనే మేడమ్,” అని నోరు జారాను.

ఆవిడ కోప్పడలేదు, కుర్చీ చూపించారు. “ముగ్గురు మగాళ్లలో ఒకరికి అలాగే ఉంటుందండీ. మా ఆయనకీ ఉంది. బొద్దింక కనబడితే మంచమెక్కి కూర్చుంటారు.”

“మా నాన్న సంగతి మీకు తెలీదు.”

“మీ నాన్నగారికీ దానికీ సంబంధమే లేదు. మగపిల్లలకి ఆ జీన్ తల్లి నుంచే వస్తుంది.”

అమ్మ నుంచి! కంచంలో చీమ కనబడితే ఊదేదే తప్ప నలిపేది కాదు మా అమ్మ. ఒకరిని ఒక్క మాట అని ఎరగదు. బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. మరి నాన్న నుంచి నాకేం వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది చిన్నప్పటి మా ఇంట్లో ముందు గది. నాన్న పని నుంచి వచ్చి అందులో దూరి తలుపేసుకునేవాడు. అక్కడ చీపురు ఆడకూడదు. నేను నీళ్ల గ్లాసు గడప దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి.

ఇంటికి వెళ్లగానే మంచం బయటికి లాగేయాలనుకున్నాను. నెల తర్వాత మొదటిసారి మనసు తేలికపడింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

నా గది తలుపు బార్లా తెరిచి ఉంది. పెట్టెలు పక్కకు జరిపి ఉన్నాయి, కిటికీలోంచి వెలుతురు పడుతోంది. కొత్త దుప్పటి, తడి నేల, సబ్బు వాసన. మంచం మీద నిలబడి పిచ్చుక కిటికీ ఊచలు తుడుస్తోంది.

“నాన్నా, అంతా నేనే చేశా. చూడు,” అంది.

మేడమ్ చెప్పిందంతా నాకు గుర్తుంది. బస్సులో అనుకున్నదీ గుర్తుంది. అయినా నా చెయ్యి దాని చెంప మీద పడింది. గడప నుంచి చెంప దాకా నాలుగు సెకన్లు. పాడు అలవాటు, లెక్కపెట్టాను.

అది ఏడవలేదు. మా ఆవిడ వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. నేను ఆ తడి నేల మీదే కూలబడ్డాను. మంచం లాగాలని తెలుసు, లాగలేకపోయాను. పెట్టెలో దొరికిన స్క్రూడ్రైవరుతో తలుపు గొళ్లెం మాత్రం ఊడదీశాను.

కాసేపటికి పిచ్చుక వచ్చింది. నీళ్ల గ్లాసు గడప దగ్గర పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

“లోపలికి రా తల్లీ,” అన్నాను.

“వద్దులే నాన్నా. ఇక్కడ పెట్టా.”

ఊడదీసిన గొళ్లెం దాని వైపు తోశాను. ఇక ఈ తలుపు మూసుకోదని చెప్పాను. అది గొళ్లెం వంక చూడలేదు. నా చేతుల వంకే చూస్తూ నిలబడింది.