తంబానన్‌లో లేని ఇళ్ళు

ఆ పుస్తకం చదివిన రోజు నాకు కోపం నషాళానికి అంటింది. మా ఊరు తంబానన్ స్థాపన దినానికి మునిసిపాలిటీ వాళ్ళు అచ్చు వేయించిన ఊరి చరిత్ర అది. మేయర్ ముత్తాత గుర్రమెక్కి వచ్చి, అడవి కొట్టించి ఊరు కట్టాడట. పేరేమో ఆయన భార్య పెట్టిందట. రాయడానికి సిగ్గుండాలి. తంబాన్ చేపలు ఎండబెట్టే చోటు కాబట్టి తంబానన్. ఎండబెట్టింది మా వాళ్ళు. ఇవాళ్టికీ నేను అదే పని చేస్తున్నాను.

అబద్ధాలు అక్కడితో ఆగితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఏడో పేజీలో తూర్పు తీరం గురించి ఒక్క ముక్క ఉంది: 'జనావాసం లేని ఇసుక నేల.' నలభై ఒక్క కుటుంబాలం అక్కడే పుట్టి అక్కడే పెరిగాం. మనుషులే లేని నేలైతే మనీలా హోటల్ కంపెనీకి ఇచ్చేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. సోమవారం సంతకాలని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు.

పుస్తకం పట్టుకుని ఆఫీసుకు పోయాను. రాసినవాడు ఆర్నుల్ఫో అనే అధికారి. ప్రతి బుధవారం మా గుమ్మంలో నిలబడి ఎండుచేపలు బేరమాడే మనిషి, ఆ రోజు నా మొహం కూడా చూడలేదు. మావన్నీ వెదురు ఇళ్ళు; సిమెంటు పునాది లేనిది ఇంటి కింద లెక్కకు రాదన్నాడు.

"మోసుకుపోగలిగేదాన్ని ఇల్లంటారా, పాసింగక్కా?"

"నా ముగ్గురు పిల్లల్నీ దాంట్లోనే కన్నాను. వాళ్ళు ఎక్కడ పుట్టినట్టు మరి?"

రూలు తను పెట్టలేదని గొణిగి ఫైల్లో తల దూర్చాడు.

ఇంటికొచ్చి మా అత్త తోమాసతో చెప్పాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చేప కడుగుతూ అంతా విన్నది. తన చిన్నప్పటి పెద్ద తుఫాను గురించి చెప్పింది. గాలి రాకముందే మా వాళ్ళు వెదురు ఇళ్ళను భుజాలకెత్తుకుని గుట్ట మీదికి చేర్చారట. ఊళ్ళో మేయర్ తాతగారి సిమెంటు మేడ కూలిపోతే, ఆయన మూడు నెలలు మా అత్త వాళ్ళింట్లోనే చాప మీద పడుకున్నాడట. పుస్తకంలో ఆ తుఫాను ఊసే లేదు.

"మోసుకుపోవచ్చనా వాడి ఏడుపు? అయితే మోసుకెళ్ళి వాడి కళ్ళ ముందే పెడదాం," అంది అత్త.

సోమవారం పొద్దున్నే మా ఇంటి స్తంభాలు పెకలించాం. ఇంటి అడుగున వెదురు బొంగులు అడ్డంగా, నిలువుగా కట్టారు. ఇరవై నలుగురు మగవాళ్ళు భుజం పెట్టారు. అత్తను దిగమంటే దిగలేదు. చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి అందరినీ తిడుతూనే కూర్చుంది. ఎడమ పక్కవాళ్ళకు రాత్రి అన్నం పెట్టలేదా అంటుంది. దారి పొడుగునా ట్రైసికిల్ ఆటోలు ఆగిపోయాయి. ఇంటిని తీసుకెళ్ళి సరిగ్గా మునిసిపల్ ఆఫీసు మెట్ల ముందు దించాం.

ఆర్నుల్ఫో పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడ ఇల్లు పెట్టకూడదు, వెంటనే తీసేయండన్నాడు.

"ఇల్లా? ఎక్కడుంది బాబూ ఇల్లు?" అంది అత్త.

ఈలోగా కంపెనీ వాళ్ళను వెంటబెట్టుకుని మేయర్ దిగాడు. అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అబ్బాయ్, మీ తాత మూడు నెలలు దేంట్లో పడుకున్నాడో ఈ పెద్దమనుషులకు చెప్పు."

కంపెనీ వాళ్ళలో పెద్దాయన ఇంటినీ, మమ్మల్నీ చూసి, అక్కడ మనుషులున్నారని తమకెవరూ చెప్పలేదన్నాడు. సంతకానికని పట్టుకున్న కలం జేబులో పెట్టుకున్నాడు. మేయర్ మొహం ఎర్రబడింది. పుస్తకం సరిచేయమని ఆర్నుల్ఫోకు చెప్పాడు. ఆర్నుల్ఫో అక్కడికక్కడే ఏడో పేజీ తీసి, పెన్నుతో కొట్టేసి కొత్తగా రాశాడు. లాక్కుని చూశాను. 'తూర్పు తీరం: ఒక ఇల్లు.'

నలభై ఒకటి ఉంటే ఒకటి! కంటికి కనబడింది అంతేనట. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ వాడితో మాట్లాడటం దండగ. అరుగు మీద చెమట తుడుచుకుంటున్న మావాళ్ళ వైపు తిరిగాను.

"బొంగులు విప్పండి. పోయి రెండోది తెద్దాం."