మొదటి గింజ వేసిన చెయ్యి

కాళ్ల కింద నల్ల ఇసుక.

ఎండ. పెనం మీద నిలబడ్డట్టు ఎండ.

సముద్రం నీలంగా ఉంది. ఇసుక మాత్రం నలుపు — భైంసా పక్కన మా రేగడి ఎంత నలుపో అంత నలుపు. కొండలోని నిప్పు ఎప్పుడో బయటికొచ్చి, కారి, చల్లారి, ఈ దీవులన్నీ అయ్యాయట. ఓడ దిగినవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు.

గంగుబాయి వంగింది. పిడికెడు తీసింది. నలిపింది. వాసన చూసింది.

"మన్ను కాదయ్యా ఇది. నీళ్లు పోస్తె నిలువయి."

వదిలేసింది.

నా భార్య చెయ్యి అది. ఆ చేతి వల్లనే మేము ఓడ ఎక్కాం.

మృగశిర వాన పడగానే మా ఊళ్లో ఎవరూ తొందరపడి గింజ వేయరు. గంగుబాయిని పిలుస్తారు. కాళ్లు కడుగుతారు. బొట్టు పెడతారు. ఆమె చేలో తూర్పు మూలన ఐదు గింజలు వేస్తుంది. అప్పుడే కూలీలు సాళ్లలో దిగుతారు. ముప్పై ఏళ్లుగా ఇంతే. ఎవరి చేనైనా ఇంతే.

విత్తనాల కంపెనీకి ఈ సంగతి తెలిసింది. వంశీధర్‌రావు అనే మేనేజరు కరీంనగర్ నుంచి కారులో వచ్చాడు. కొత్త పత్తి గింజ తెచ్చాడు.

"అక్కా, ఈసారి మా గింజ నీ చేతుల పడాలె."

ఏ ఏడైనా కొత్త గింజను తడిగుడ్డలో మడిచి, మొలక చూసి, ఆ తర్వాతే చేలోకి తెస్తాను. ఈసారి... మెరిసే ప్యాకెట్టు. నవ్వే మనిషి. పైగా గంగుబాయి చెయ్యి ఉండనే ఉంది.

చూడలేదు.

ఊరంతా అదే గింజ వేసింది. కంపెనీ సంతోషపడింది. బాగా అమ్మిన డీలర్లతో పాటు మా జంటనూ ఎనిమిది రోజుల ఓడ ప్రయాణానికి తెచ్చింది.

ఓడంటే ఓడ కాదు. భైంసా బజారంతా నీళ్ల మీద తేలుతున్నట్టుంది. కింద సముద్రం. పైన మళ్లీ ఈత కొట్టడానికి నీళ్లు...

"గింత సముద్రం సాలలేదా వీళ్లకు?" అని గంగుబాయి నవ్వింది.

ఆ నవ్వే ఆఖరు.

మూడో రోజు కిష్టవ్వ ఫోన్ చేసింది. మా చేను పక్క చేను ఆమెది.

"గంగూ, రెండు వానలు వడ్డయే. ఒక్క మొలక లేదు. నీ చెయ్యి వడ్డ చేన్లన్ని గట్లనే ఉన్నయి."

"గింజ తీసి చూసినవా అక్కా?"

"చూసిన. కుళ్లింది. మంది ఏమంటున్రో ఎర్కేనా? ఓడెక్కే సంబురంల మనసు పెట్టి వెయ్యలే అంటున్రు. మల్ల విత్తుటానికి నీ బదులు తారాబాయిని పిలుస్తున్రు. నువ్వు జర పరేషాన్ గాకు."

గింజను ఎవరూ అనలేదు.

కంపెనీని ఎవరూ అనలేదు.

చేతిని అన్నారు.

ఆ పూట అన్నం దగ్గర గంగుబాయి చెంచా అడిగింది. పుట్టి బుద్ధెరిగాక చెంచా పట్టని మనిషి. ఎడమ చేత్తో తిన్నది. కుడి చెయ్యి కొంగు కింద ఉంది.

నేను వంశీధర్‌రావు దగ్గరికి పోయి చెప్పాను. అతను నల్ల కళ్లద్దాలు తీయలేదు.

"మా గింజకు వంక లేదు లింగన్నా. వాన తక్కువైందో, అక్క చెయ్యే..." నవ్వాడు. "చేతికి మేం గ్యారంటీ ఇస్తమా? ఆఖరి రోజు వీడియో ఉంది. ప్యాకెట్ పట్టుకొని ఇద్దరు రెండు ముక్కలు మాట్లాడుండ్రి, చాలు."

నా ఒళ్లు మండింది.

మొన్న గింజ అమ్ముకోవడానికి ఆ చెయ్యి కావాలి. ఇవాళ నింద మోయడానికీ ఆ చెయ్యే కావాలి!

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు మాట్లాడాను.

"వీడియోకు తెచ్చిన ప్యాకెట్ ఇయ్యుండ్రి సారూ."

ఇచ్చాడు. మా ఊళ్లో చింపిన ప్యాకెట్ల మీది లాట్ నంబరే దాని మీదా ఉంది. ఓడవాళ్ల తెల్ల తువ్వాలు ఒకటి తడిపి, పిండి, బల్ల మీద పరిచాను.

"గంగుబాయి ముట్టది. నేను ముట్ట. మీ చేత్తోటి వెయ్యుండ్రి."

"షికారుకొచ్చి ఏం పంచాయితీ లింగన్నా ఇది?"

"వెయ్యుండ్రి."

డీలర్లు చూస్తున్నారు. వేశాడు. ఇరవై గింజలు. నేను మడిచి, మా గది కిటికీ దగ్గర ఎండ తగిలే చోట పెట్టాను.

దీవి తర్వాత దీవి. నల్ల కొండ తర్వాత నల్ల కొండ. అందరూ దిగారు. మేం దిగలేదు.

తువ్వాలు ఆరితే తడిపాను. ఆరితే తడిపాను.

గంగుబాయి అటు చూడనే లేదు. ఒక్కసారి మాత్రం, గోడవైపు తిరిగి పడుకుని, అడిగింది —

"మొలిస్తే?"

నేను తువ్వాలు తడి చూశాను.

మొలిస్తే తప్పు ఆ చేతిదే అవుతుంది. ముప్పై ఏళ్ల చెయ్యి అబద్ధమవుతుంది.

రైతు పుట్టుక పుట్టి, గింజ మొలవొద్దని కోరుకున్నాను. నాలుగు రోజులు కోరుకున్నాను. ఆ పాపం కూడా కంపెనీవాళ్లదే.

ఆఖరి రోజు. ఓడ పైన కెమెరా పెట్టారు. పూలదండలు తెచ్చారు. ప్యాకెట్ పట్టుకోమన్నారు.

నేను తువ్వాలు పట్టుకుపోయాను. అందరి ముందూ విప్పాను.

ఇరవై గింజలు. ఉబ్బాయి. వేలితో నొక్కితే మెత్తగా చితికాయి. మొలక లేదు. ఒక్కదానికీ లేదు.

"ఇది ఎవరి చెయ్యి సారూ?"

కెమెరా ఆగింది.

"ఓడల ఏసీ ఉంటది గదా లింగన్నా... సముద్రపు గాలి..." వంశీధర్‌రావు తన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

డీలర్లు ఒకరినొకరు చూసుకున్నారు. దండలు బల్ల మీదే వాడిపోయాయి.

నేను తువ్వాలు మడిచాను. గంగుబాయి నా పక్కకు వచ్చింది.

"ఈడ గెలిచినవు" అంది. "ఊళ్లె?"

ఊళ్లో ఈపాటికి తారాబాయి కాళ్లు కడిగి ఉంటారు. చేలన్నిటి తూర్పు మూలన వేరే చెయ్యి పడి ఉంటుంది. కుళ్లిన ఇరవై గింజలు పట్టుకుని ఏ గడపకు పోను... ఎంతమందికి చూపించను...

ఆమె కొంగు కింది నుంచి కుడి చెయ్యి బయటికి తీసింది. ఓడ అంచున ఇనుప కమ్మీ మీద పెట్టింది.

కమ్మీ కాలుతోంది.

తీయలేదు.

దూరంగా నల్ల కొండ.

ఎండ. పెనం మీద చెయ్యి పెట్టినట్టు ఎండ...